నన్ను పరీక్షకు పెట్టిన రోజు

మొన్న మధ్యాహ్నం భోజనం చేసి, వరండాలో మంచం వాల్చుకుని నడుం వాల్చానో లేదో, పక్కింటి అమ్మాయి మెడలో స్టెతస్కోపు వేలాడేసుకుని వచ్చి, కాస్త మొహమాటపడుతూ, పెద్దమ్మా నీ గుండె ఒకసారి వింటానని అడిగింది. ఆ పిల్ల డాక్టరు చదువు చివరి సంవత్సరంలో ఉంది, వచ్చే వారం నుంచి ప్రాక్టికల్ పరీక్షలట. నా గుండెలో పాతకాలపు చప్పుడొకటి ఇంకా మిగిలి ఉందని వాళ్లమ్మ చెప్పిందట. ఇప్పుడు అటువంటి రోగులు అంతగా దొరకరనీ, ఆ చప్పుడును తామంతా సెల్‌ఫోన్‌లో రికార్డు పెట్టుకుని నేర్చుకుంటున్నామనీ చెప్పింది. దొరకకపోతే మంచిదే కదే అని నవ్వి, పైట కొంచెం జరిపి వినమన్నాను. ఆ చల్లటి బిళ్ల తగిలిన తరువాత చూస్తే పిల్ల చెయ్యి సన్నగా వణుకుతోంది. పరీక్షంటే చచ్చేంత భయంగా ఉంది పెద్దమ్మా అన్నది. ఆ మాటతో నాకు ఏనాటిదో మరొక వణికే చెయ్యి గుర్తుకొచ్చింది, ఇక ఆ రోజంతా ఏ పనీ తోచలేదు.

నా ఈడువాళ్లు కొందరికైనా అప్పటి పెద్ద దవాఖాన గుర్తుండే ఉంటుంది. డెబ్బయ్యో దశకం చివరి మాట ఇది. మాది వరంగల్‌లో జంపఖానాలు నేసేవాళ్ల వాడ. పుట్టినిల్లూ అక్కడే, అత్తిల్లూ అక్కడే, మధ్యలో రెండు సందులు అడ్డం. పెళ్లయిన కొత్తలో నేను అలిగితే పుట్టింటికి పోవడానికి కూడా సరిగ్గా దూరం లేదు, చెప్పులు వేసుకునేలోపే అమ్మ కనిపించేది. రెండిళ్లలోనూ ఒకటే మగ్గం చప్పుడు, ఒకటే రంగు వాసన, ఆరబెట్టిన నూలు కింద నుంచి తల వంచుకుని నడవడం. నాకు అప్పజెప్పిన పని కండెలు చుట్టడం. రాట్నం ముందు కూర్చుని తిప్పడమే గనుక అది అసలు పని కిందికే రాదని మా అత్త అభిప్రాయం.

చిన్నప్పుడు నాకు తరచు గొంతునొప్పి, దాని వెంట జ్వరం, ఆ జ్వరం వెనక కీళ్లు వాయడం ఉండేది. ఈ రోజు మోకాలు వాస్తే రేపు మోచెయ్యి. వాతమనుకుని మా అమ్మ వావిలాకు వేసి కాచిన నీళ్లతో కాపడం పెట్టేది, ఆముదం రాసేది, నేనూ నాలుగు రోజులకు లేచి తిరిగేదాన్ని. కీళ్లు బాగయ్యాయి గానీ ఆ జ్వరం పోతూ పోతూ గుండెలోని కవాటాన్ని పట్టుకుపోయిందన్న సంగతి పెళ్లయిన రెండో ఏడు దాకా తెలియలేదు. రాట్నం పది సార్లు తిప్పితే ఆయాసం వచ్చేది. మంచినీళ్ల బిందె ఎత్తితే కళ్లు తిరిగేవి. మా అత్త నన్ను పనిదొంగ అనేది. నేనూ నిజమేనేమో, నాకే ఒళ్లు వంగడం లేదేమో అనుకునేదాన్ని, ఎందుకంటే ఇరవై ఏళ్ల పిల్లకు గుండెజబ్బు ఉంటుందని మా వాడలో ఎవరికీ తట్టదు. ఒక సాయంత్రం దగ్గుతుంటే కఫంలో నెత్తురు జీర కనిపించింది. అది చూసి ముందుగా రిక్షా కోసం పరుగెత్తింది మా అత్తే.

అలా చేరాను పెద్ద దవాఖానలో. డాక్టరు చదువు చదివే పిల్లలు కూడా అక్కడే నేర్చుకునేవాళ్లు. పొద్దున పెద్ద డాక్టరు వచ్చేసరికి ఆయన వెనక తెల్లకోట్ల దండు ఉండేది. నా గుండెలో వినిపించే చప్పుడు వాళ్ల పుస్తకంలో రాసినది రాసినట్టుగా ఉందట, అందుకని వరుసగా ఒక్కొక్కరూ వచ్చి వినేవాళ్లు, ఎడమ పక్కకు తిరగమనేవాళ్లు, ఊపిరి బిగబట్టమనేవాళ్లు. మా అత్తకు ఇది అర్థం కాలేదు. మావైపు మనిషి ఇక దక్కదనుకున్నప్పుడే ఇంతమంది వచ్చి చూసిపోతారు. మొదటి రోజే ఆమె వార్డు గుమ్మంలో కూర్చుని ముక్కు చీదుకుంటుంటే, పక్క మంచం ఆవిడ వాళ్లు చదువుకునే పిల్లలమ్మా అని నచ్చజెప్పవలసి వచ్చింది. అయినా ఆమె గుబులు తీరలేదు. చదువుకునేవాళ్లయితే పుస్తకం చూసుకోవాలి గాని నా కోడలి రొమ్ము మీద ఏం రాసి ఉందని గొణుక్కునేది.

పెద్ద డాక్టరు మంచి మనిషి. గుండెలో తలుపులాంటిది ఒకటుంటుందనీ, నాది గట్టిపడి సగం కూడా తెరుచుకోవడం లేదనీ, హైదరాబాదులో ఆపరేషన్ చేసి దాన్ని విప్పుతారనీ, అక్కడ వంతు వచ్చేదాకా మందులతో నెట్టుకురావాలనీ మా ఆయనకూ అత్తకూ ఓపికగా చెప్పారు. చివర్లో ఇంకొక మాట అన్నారు. ఈ గుండెతో ఇప్పుడు గర్భం రాకూడదు, తల్లికే ప్రమాదం అని. చేరిన రోజు నన్ను అడిగారు కూడా, నెల తప్పిందా అని. అత్త పక్కనే ఉంది. నాకు అప్పటికి అనుమానమే గాని నిర్ధారణ లేదు. లేదు సార్ అన్నాను. కేసు షీటులో అదే రాసుకున్నారు.

ఆ తరువాత అనుమానం కాస్తా నిజమైంది. నాకు తెలుసు, నా ఒంటికి తెలుసు, మరి ఎవరికీ తెలియదు. చెప్పుకోవడానికి ఎటు చూసినా గోడే. డాక్టర్లకు చెబితే తీసేస్తారు. అత్తకు చెబితే, రెండేళ్లుగా ఆ మాట కోసమే చెవులు రిక్కించుకుని ఉన్న మనిషి, ఆ క్షణమే నన్ను ఇంటికి తీసుకుపోయి మంత్రసానిని పిలుస్తుంది. మా ఆయనకు చెబితే ఆయన కడుపులో మాట దాగదు, సాయంత్రానికల్లా మగ్గం పక్కన కూర్చున్నవాళ్లందరికీ తెలుస్తుంది. అందుకని నోరు కుట్టేసుకున్నాను. పొద్దున వాంతి వస్తే వరండా చివరి నల్లా దాకా పోయి, చప్పుడు వినపడకుండా నీళ్లు గట్టిగా వదులుకునేదాన్ని. గుండె రోగులకు కాలేయం వాచిందేమో చూడటానికి డాక్టర్లు పొట్ట నొక్కి చూస్తారు. ఆ చెయ్యి పక్కటెముకల కింది నుంచి ఇంకొంచెం కిందికి జరుగుతుందేమోనని నాకు ప్రాణం పోయేది. అలా భయపడితే గుండె దడ ఎక్కువయ్యేది, అది చూసి వాళ్లు మందు పెంచేవాళ్లు. ఎక్కడో పక్క వార్డులో పసిపిల్ల ఏడుపు వినిపిస్తే మాత్రం దుప్పటి కిందికి చెయ్యి పోనిచ్చి కడుపు మీద పెట్టుకునేదాన్ని.

ఇట్లా ఉండగా ఒకరోజు మా వార్డు ఆయమ్మ పక్కగుడ్డలు మారుస్తూ, ఎల్లుండి నిన్ను పరీక్షకు పెడతాండ్రు, పొద్దుగాల్నే తలకు పోసుకుని తయారుండమని చెప్పి తన దారిన పోయింది. పక్కనే ఉన్న మా అత్త ఆ మాట విన్నది. పరీక్షలు నాకు కొత్తేమీ కావు, నెత్తురు పరీక్ష, ఎక్స్‌రే ఎన్నో అయ్యాయి. కానీ వాటికెవరూ తలస్నానం చెయ్యమనలేదు. పైగా ఆ పరీక్షకు హైదరాబాదు నుంచి బయటి డాక్టరు వస్తాడనీ, ఆయనది రోగాల మీద పరిశోధన చేసే పెద్ద సర్కారు దవాఖాన అనీ ఎవరో అన్నారు. తలంటు, బయటి డాక్టరు, పరిశోధన, ఈ మూడూ కలిసి మా అత్త మనసులో ఏమైందంటే, మేడారం జాతరలో బలికి తీసుకుపోయే ముందు మేకకు నీళ్లు పోసి పసుపు రాయడం గుర్తుకొచ్చిందట. నవ్వు వచ్చే మాటే. ఆ రోజున మాకెవరికీ నవ్వు రాలేదు.

అత్త ఆ సాయంత్రమే వాడకు పోయి చెప్పింది. మా వాడలో ఒక మాట ఒక ఇంట్లో బయలుదేరితే నాలుగో ఇంటికి చేరేసరికి దానికి కొత్త రంగులు అద్దడం అప్పుడూ ఉంది. హైదరాబాదులో ఆ పరిశోధన దవాఖానలో కొత్త మందులు ముందు ఎలుకల మీద, ఆ తరువాత దిక్కులేనివాళ్ల మీద వేసి చూస్తారని ఒకరన్నారు. గుండె కోసి అద్దాల సీసాలో పెడతారని, తన తోడల్లుడు కళ్లారా చూశాడని ఇంకొకరు. ఇదంతా మా నాయిన చెవిన పడింది. మా నాయిన ఎంత నోరులేని మనిషంటే, జంపఖానా కొనే షావుకారు తగ్గించి అడిగితే తల ఊపి ఇచ్చేసేవాడు. ఆ మనిషి పరీక్ష రోజు పొద్దున్నే రిక్షా మాట్లాడుకుని వార్డులోకి వచ్చి, నా గిన్నె, చెంబు, చీరలు మూట కట్టి, ఇంటికి పోదాం పద బిడ్డా అన్నాడు.

నేను అప్పుడే తలస్నానం చేసి తడి జుట్టుతో కూర్చుని ఉన్నాను. ఆయమ్మ చీపురు పక్కన పడేసి గుమ్మానికి అడ్డం నిలబడింది. నాయిన గొంతు పెంచడం నా జీవితంలో మొదటిసారి విన్నాను.

"నా బిడ్డ మీద పరీక్షలు జేస్తరా? మేమేం దిక్కులేనోళ్లమా?"

ఆయమ్మకు అప్పుడు సంగతి అర్థమై, నెమ్మదిగా చెప్పింది.

"నీ బిడ్డ మీద గాదే పెద్దాయనా. డాక్టరు సదివే పిలగాండ్లకు పరీక్ష. నీ బిడ్డ వాళ్లకు కొశ్చన్ పేపర్ అసొంటిది. ఏం రోగమో వాళ్లు కనుక్కోవాలె, చెప్పకుంటె ఫేలయితరు."

నాయినకు సగం అర్థమైంది, సగం కాలేదు. ఏమైతేనేం, పోదాం అనే అన్నాడు. నిజం చెప్పాలంటే నా మనసు కూడా సగం అప్పటికే రిక్షాలో కూర్చుని ఉంది. ఇంటికి పోతే నా పొట్ట నొక్కేవాళ్లు ఉండరు. ఎవరూ ఏమీ అడగరు. నెలలు నిండిపోతాయి, ఆ తరువాత ఏదైతే అది అవుతుంది. మూట నాయిన చేతిలో ఉంది, ఆయన వెనకే మెట్లు దిగడం మొదలుపెట్టాను. కొన్ని మెట్లు దిగానో లేదో ఊపిరి అందక అక్కడే గోడకు చేరబడి కూలబడ్డాను. ఎంత లాగినా గాలి లోపలికి పోవడం లేదు, పోయినది చాలడం లేదు. నాయిన వెనక్కి తిరిగి నా ముఖం చూశాడు. నా పెదవులు నీలంగా అయిపోయాయట, ఆ సంగతి తరువాత చెప్పాడు. ఆయన మూట మా వెనకే వచ్చిన ఆయమ్మ చేతిలో పెట్టి, ఆమె సాయంతో నన్ను మళ్లీ పైకి చేర్చి, కిందికి పోయి రిక్షాను పంపేసి వచ్చాడు.

మంచం మీద కాసేపు ఆనుకుని కూర్చున్నాక ఊపిరి కుదుటపడింది. ఇవాళ వద్దులే, వేరే ఎవరినైనా పెడతారని ఆయమ్మ అన్నది గానీ, కూర్చుని జవాబు చెప్పడమే కదా అని నేనే వస్తానన్నాను. ఎందుకన్నానో చెప్పలేను. ఆ మెట్ల మీద నాకు చావు భయం పట్టుకుంది. ఎవరైనా సరే, ఎక్కడివాళ్లైనా సరే, ఇంకొకరు నా గుండె విని ఏదో ఒకటి తేల్చి చెబితే బాగుండుననిపించింది. పరీక్ష గది దాకా నన్ను చక్రాల కుర్చీలో తోసుకుపోతూ ఆయమ్మ రెండు మాటలు చెవిన వేసింది. రోగం పేరు తెలిసినా చెప్పొద్దు, తక్కిన ఏది అడిగినా ఉన్నదున్నట్టు చెప్పు. రోగి తప్పు చెబితే ఆ పిలగానికి ఏడాది పోతుంది, అమ్మానాయినలు అప్పుచేసి చదివిస్తున్నవాళ్లుంటారని.

పొడుగాటి గది. మంచానికీ మంచానికీ మధ్య ఆకుపచ్చ తెరలు. పక్కగుడ్డలన్నీ ఉతికి ఇస్త్రీ చేసినవి, పెళ్లివారు వస్తున్నట్టుగా. గంట మోగగానే నా తెర పక్కకు జరిపి ఒక సన్నటి కుర్రవాడు వచ్చాడు. నాకంటే రెండు మూడేళ్లు పెద్దవాడేమో. కళ్లద్దాలు చెమటకు జారిపోతున్నాయి, మాటిమాటికీ వేలితో పైకి తోసుకుంటున్నాడు. నమస్తే అక్కా అన్నాడు. అన్ని రోజుల్లో నా మంచం దగ్గరికి వచ్చినవాళ్లలో నమస్కారం పెట్టినవాడు ఆయనే. నా నాడి పట్టుకుంటే ఆ వేళ్లు చల్లగా, వణుకుతూ ఉన్నాయి. ఇద్దరం ఒకరినొకరు చూసుకుని భయపడుతున్నామని నాకు అర్థమైంది.

ఆయన తాను బట్టీపట్టిన వరసలో అడుగుతూ పోయాడు. ఏం పని చేస్తావు, ఆయాసం ఎప్పటి నుంచి, చిన్నప్పుడు కీళ్లు వాచాయా, వెల్లకిలా పడుకోగలవా. నేను చెబుతుంటే గబగబా రాసుకుంటున్నాడు. పెళ్లయి ఎన్నేళ్లన్నాడు, చెప్పాను. తరువాత తల పైకెత్తకుండానే చివరిసారి నెలసరి ఎప్పుడు వచ్చిందని అడిగాడు. తెర అవతల అత్త లేదు, మా డాక్టరు లేరు, మా ఇద్దరి మధ్య ఎవరూ లేరు. లేదని ఒక్క మాట అంటే చాలు, కేసు షీటులో ఉన్నదే మళ్లీ అన్నట్టవుతుంది. కానీ ఆయమ్మ మాట చెవిలో గింగురుమంటోంది. నేను తప్పు చెబితే ఈ పిలగానికి ఏడాది పోతుంది. ఆయన రాయడం ఆపి తల ఎత్తి చూశాడు.

"చెప్తె ఏం జేస్తరు సార్?" అని అడిగాను.

ఆయన కలం కింద పెట్టాడు. తనకు తెలిసినట్టు నటించలేదు. అది నాకు ఇప్పటికీ గొప్పగా అనిపిస్తుంది.

"నాకు తెల్వదక్కా. కాని మాకు తెల్వకుంటె ఎవ్వరం ఏం జెయ్యలేం."

చెప్పేశాను. నాలుగో నెల నడుస్తోందని, ఎవరికీ తెలియదని, తీసేస్తారని భయంగా ఉందని, ఇంటికి పోతే చచ్చిపోతానేమోనని కూడా భయంగా ఉందని. చెప్పడం మొదలుపెట్టాక ఆగలేదు, ఏడుపు ముంచుకొచ్చింది, ఏడుపుతో దగ్గు. ఆయన కాగితం పక్కన పెట్టి నన్ను ముందుకు వంచి కూర్చోబెట్టాడు. గ్లాసుతో నీళ్లిచ్చాడు. ఊపిరి సర్దుకునేదాకా వెన్ను మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. మీ ఆయనకు చెప్పుకోవాలక్కా, ఇది నువ్వొక్కదానివే మోసేది కాదన్నాడు. ఇదంతా అయ్యేసరికి ఆయన టైమంతా నా ఏడుపు తినేసింది. స్టెతస్కోపు చెవులకు పెట్టుకుని, బిళ్ల నా గుండె మీద ఆనించాడో లేదో గంట మోగింది.

హైదరాబాదు నుంచి వచ్చిన పెద్దాయన లోపలికి వచ్చారు, ఆయన వెనక మా పెద్ద డాక్టరు. తెల్లటి జుట్టు, మోకాళ్ల నొప్పులవాళ్లలా నెమ్మదిగా నడక. వాళ్లు ఇంగ్లీషులో మాట్లాడుకున్నారు గనుక మాటలు తెలియవు, కానీ ముఖాలు చదవడానికి ఇంగ్లీషు అక్కర్లేదు. కుర్రవాడు మొదటే చెప్పిన ఏదో మాటకు మా డాక్టరు ఉలిక్కిపడి నా కేసు షీటు తిరగేశారు, నా వైపు చూశారు, నేను తల వంచుకున్నాను. పెద్దాయన ఆ సంగతి విని, మరి గుండెలో ఏం వినబడిందని అడిగినట్టున్నారు. కుర్రవాడు ఏదో మొదలుపెట్టి ఆగాడు. మళ్లీ అడిగారు. మళ్లీ ఆగాడు. చెవుల వెనక నుంచి చెమట కాలరులోకి కారడం నాకు కనిపిస్తోంది. ఆ చప్పుడు ఎట్లా ఉంటుందో, ఎక్కడ వినాలో, ఎటు తిరిగి పడుకుంటే బాగా వినబడుతుందో ఇన్నాళ్లుగా విని విని నాకే నోటికి వచ్చు. చెబుదామని నాలుక చివరిదాకా వచ్చింది. రోగం పేరు చెప్పొద్దన్న మాట అడ్డుపడింది. పెద్దాయన ఇక చాలన్నట్టు చెయ్యి ఊపారు. ఆ కుర్రవాడు కాగితాలు తీసుకుని, నా వైపు ఒకసారి తల ఊపి, తెర దాటి పోయాడు.

తరువాత పెద్దాయన స్టూలు లాక్కుని కూర్చుని తానే విన్నారు. చాలాసేపు విన్నారు. కళ్లు మూసుకుని, నన్ను అటు తిప్పి ఇటు తిప్పి, మెడలో నరం చూసి, కాళ్లు నొక్కి చూసి, ఆఖరుకు పొట్ట మీద చెయ్యి పెట్టారు. ఎన్నాళ్లుగానో నేను భయపడుతున్న చోటికే ఆ చెయ్యి వచ్చి ఆగింది. నేను కళ్లు మూసుకున్నాను.

"భయపడకు బేటా. తీసేసుడు లేదు. ఆపరేషన్ ఇప్పుడే జేస్తె ఇద్దరు దక్కుతరు. నెలలు ముదిరితె చెయ్యలేం."

ఇద్దరు అన్నారు. ఆ లెక్క నేను తప్ప అప్పటిదాకా ఎవరూ వెయ్యలేదు. వంతు కోసం చూడొద్దు, వెంటనే నా దగ్గరికి పంపండని మా డాక్టరుకు చెప్పి ఆయన ఇంకొక మంచం దగ్గరికి వెళ్లిపోయారు. వరండాలో మా అత్తకు సంగతి చెబితే ఆమె కింద చతికిలబడి ఏడ్చింది, ఇంత మాట నా దగ్గర దాస్తావా అని తిట్టింది, తిడుతూనే నా తడి జుట్టు తన కొంగుతో తుడిచింది. పరిశోధన దవాఖాన మాట ఎత్తిన వాడవాళ్ల మీద ఆ సాయంత్రం ఆమె ఎట్లా విరుచుకుపడిందో చూసినవాళ్లు చెప్పుకుని చెప్పుకుని నవ్వారు.

ఆ వారంలోనే కాజీపేటలో బండెక్కాం. మా ఆయన, నాయిన, అత్త, నేను. కాజీపేట దాటిన దగ్గర నుంచి నాయిన కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు గానీ ఆయన చెయ్యి నా మణికట్టు వదల్లేదు. హైదరాబాదులో ఆ దవాఖాన అప్పటికింకా ఇప్పుడున్నంత లేదు. ఒకపక్క పాత భవనం, దాని వెనక ఇటుకలు, ఇసుక కుప్పలు, సగం లేచిన గోడలు. రోగులూ మేస్త్రీలూ ఒకే దారిలో నడిచేవాళ్లం. దేశంలో ఎక్కడెక్కడి నుంచో డాక్టర్లు పై చదువు కోసం వచ్చేవాళ్లు, నా మంచం దగ్గర నాలుగు భాషలు వినబడేవి. గుండె ఆపకుండానే, పక్కటెముకల సందులోంచి లోపలికి పోయి, వేలితో తడిమి ఆ తలుపును విప్పుతారని చెప్పారు. అది విన్న మా నాయిన, వేలితోనా అని ఒక్కమాట అడిగి, తరువాత రెండు రోజులు తన చూపుడు వేలి వంకే చూసుకుంటూ తిరిగాడట.

ఆపరేషన్ రోజు పొద్దున పెద్దాయన వచ్చి నా పక్కన నిలబడ్డారు. అందరూ ఆయనను ప్రాణాల గురించి అడుగుతారు, నేను మాత్రం, ఆ పిలగాడు పాసయిండా సార్ అని అడిగాను. ఆయనకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక పెద్దగా నవ్వి, అది చెప్పకూడదు బేటా అని నా తల మీద చెయ్యి వేసి వెళ్లిపోయారు. ఆ నవ్వు పట్టుకుని నేను మత్తులోకి పోయాను. మెలకువ వచ్చాక మొదట తెలిసింది నొప్పి. ఆ నొప్పి వెనకనే తెలిసింది, ఊపిరి. పీల్చిన గాలి పీల్చినట్టు అడుగుదాకా పోతోంది. గాలి అంత రుచిగా ఉంటుందని ఆ రోజు దాకా నాకు తెలియదు.

వానలు పట్టే రోజుల్లో వరంగల్ పెద్ద దవాఖానలోనే నాకు కూతురు పుట్టింది. సన్నగా, నల్లగా, వాళ్ల నానమ్మ గొంతుతో. ఎనభయ్యో దశకం పొడుగునా ఏడాదికొకసారి హైదరాబాదుకు పిలిచేవాళ్లు, ఆపరేషన్ అయినవాళ్లు ఎన్నాళ్లు ఎట్లా ఉన్నారో చూసి రాసుకోవడానికి. మా నాయిన అంత భయపడ్డ పరిశోధన అంటే అదే, మరిచిపోకుండా పిలిచి ఎట్లా ఉన్నావని అడగడం. నేను పోయినప్పుడల్లా ఒక కొత్త గోడ, ఒక కొత్త అంతస్తు, ఏదో కొత్త యంత్రం ఉన్న చల్లటి గది కనిపించేది. ఇసుక కుప్పల మీద ఆడుకున్న నా కూతురు కొన్నేళ్లకు అక్కడే లిఫ్టులో ఎక్కి దిగుతూ ఆడుకుంది. ఒక ఏడు పోయేసరికి ఆ పెద్దాయన రిటైరయ్యారన్నారు. తరువాత చాలా ఏళ్లకు నా కవాటం మళ్లీ బిగుసుకుంటే కోయకుండానే తొడ నరంలోంచి బెలూను పంపి సరిచేశారు, మూడో రోజు ఇంటికి పంపేశారు. ఎంత తేలికైపోయింది. మెట్ల మీద కూలబడే ఇరవై ఏళ్ల పిల్లలు ఇప్పుడు తగ్గారంటే అంతకంటే కావలసింది ఏముంది. కాకపోతే ఇప్పటి దవాఖానల్లో నా రిపోర్టు నాకంటే ముందు నడుస్తుంది, డాక్టరు దాన్ని చూస్తాడు, నా గుండె తెర మీద రంగు రంగులుగా కొట్టుకుంటుంది, నన్ను ఎవరూ ఏమీ అడగనక్కరలేదు. అప్పుడు ఒకరి భయం ఇంకొకరికి చేతితో తగిలేది.

ఆ కుర్రవాడి గురించి విచారించకపోలేదు. బిడ్డ పుట్టినప్పుడు ఆయమ్మను అడిగాను. పరీక్షలైపోయి పిల్లలంతా తలోదిక్కూ పోయారనీ, వాళ్లలో సన్నటివాడు, కళ్లద్దాలవాడు అంటే ఎవరని చెప్పనని ఆమె అన్నది. పేరు అడగాలని ఆ రోజు నాకు తోచలేదు. పెద్దాయన నవ్వును నేను ఇన్నేళ్లలో ఎన్నిరకాలుగా విన్నానో చెప్పలేను. ఒక్కోరోజు అది పాసయ్యాడన్న నవ్వులాగే వినిపిస్తుంది, ఆ రోజు అన్నం సహిస్తుంది. ఇంకొకరోజు, చప్పుడు సంగతి చెప్పలేక ఆయన ఆగిపోవడం కళ్ల ముందుకొస్తే, పాసెట్లా చేస్తారులే అనిపిస్తుంది. ఏ దవాఖానకు పోయినా ఆ ఈడు డాక్టరు కనిపిస్తే కళ్లద్దాలు పైకి తోసుకుంటాడేమోనని చూసేదాన్ని. ఇప్పుడాయనా నాలాగే ముసలివాడై ఉంటాడు. ఆ ఏడాది నాకు నా ప్రాణాన్నీ నా కూతురినీ ఇచ్చింది. నా ఏడుపు ఆపుతూ కూర్చున్నందుకు అదే ఏడాది ఆయనకు పోయిందేమోనన్న దిగులు మాత్రం ఈ వయసులోనూ నన్ను వదలడం లేదు.